మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు: ఈ టీవీ పారేయాలా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. ఆరేళ్ళ కిందట కొన్న 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఉంది. రెండు వారాలుగా ఆన్ చేయగానే ఒక్క క్షణం వెలుగొచ్చి తెర నల్లగా అయిపోతోంది. మాటలు మాత్రం బాగా వినిపిస్తున్నాయి, రిమోట్ నొక్కితే ఛానళ్ళూ మారుతున్నాయి. అంతకుముందు రెండు మూడు నెలల నుంచి బొమ్మలో నీలం ఎక్కువైనట్టు అనిపించేది. తిరుమల కల్యాణోత్సవం చూస్తుంటే అర్చకుల పంచెలు నీలిమందు ఎక్కువైన బట్టల్లా కనిపించేవి. మా వీధి చివర మెకానిక్ వచ్చి ‘ప్యానెల్ పోచ్చుమ్మా, కొత్తది వాంగిక్కోంగ’ (ప్యానెల్ పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి) అని వెళ్ళిపోయాడు. సర్వీసు సెంటరు వాళ్ళు ప్యానెల్ మార్చాలి, 19 వేలవుతుందన్నారు. ఇంకొకాయన బ్యాక్‌లైటే పోయింది, 2,800కి చేసిస్తానంటున్నాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న మా అబ్బాయి వీడియోలు చూసి తనే విప్పుతానంటున్నాడు. మా అత్తగారికి 82 ఏళ్ళు. నల్లటి తెర ముందు కూర్చుని కల్యాణోత్సవం వింటున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. ఎవరి మాట నమ్మమంటారు?
ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఆ నీలిమందు. దాని సంగతి కాస్త ఆగి చెప్తాను. ముందు ఈ రాత్రికి మీరొక పని చేయాలి. దానికి మెకానిక్కూ అక్కర్లేదు, స్క్రూడ్రైవరూ అక్కర్లేదు.

గదిలో లైట్లన్నీ ఆర్పేసి టీవీ ఆన్ చేయండి. మాటలు మొదలయ్యాక సెల్‌ఫోను టార్చి వెలిగించి, తెరకి బెత్తెడు దూరంలో కాస్త ఏటవాలుగా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ జరపండి. తెరకి తగలనివ్వొద్దు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఓ నిమిషం పడుతుంది, తొందరపడకండి. రిమోట్‌లో మెనూ నొక్కితే ఇంకా సులువు, అక్షరాలు పెద్దవి కాబట్టి త్వరగా దొరుకుతాయి. వెలుగు పడ్డచోట, పాత కార్బన్ కాపీ చదువుతున్నట్టు, మసకగా అక్షరాలో మనిషి ముఖమో కదులుతూ కనిపించిందా, మీ ప్యానెల్, అంటే బొమ్మ ఏర్పడే గాజు తెర, నిక్షేపంగా ఉన్నట్టే. మెయిన్ బోర్డు కూడా పనిచేస్తున్నట్టే. పోయింది వెనకున్న దీపాలు, అంటే బ్యాక్‌లైట్.

మీ ఊళ్ళో ఎప్పుడైనా తోలుబొమ్మలాట చూశారా? తెల్లటి తెర, దాని వెనక దీపాలు, మధ్యలో బొమ్మ. ఆట మధ్యలో దీపం కొండెక్కితే బొమ్మ ఎక్కడికీ పోదు, వెనక పాడేవాళ్ళ పాటా ఆగదు. మనకి కనపడదంతే. మీ టీవీలో ఇప్పుడు జరుగుతున్నది అదే. మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలుచుకునేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే, దాని వెనక వెలుగు కోసం ఎల్‌ఈడీలు పెట్టారు. అంతకుముందు సన్నటి ట్యూబులైట్లలాంటి సీసీఎఫ్‌ఎల్ గొట్టాలుండేవి. 2004లో సోనీ క్వాలియా 005 అనే సెట్టుతో ఎల్‌ఈడీ వెలుగు టీవీల్లోకి వచ్చింది. క్యూఎల్‌ఈడీ అని అమ్మేవాటిలో కూడా వెనక ఇవే దీపాలు. ఓఎల్‌ఈడీ ఒక్కటే వేరు. అందులో ఏ చుక్కకా చుక్క తనే వెలుగుతుంది, వెనక దీపాలుండవు. కాబట్టి ఇక్కడ చెప్పేదేదీ దానికి వర్తించదు.

మరి ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం ఏమిటంటారా? 43 అంగుళాల సెట్లలో ఎక్కువగా అల్యూమినియం పట్టీల మీద ఎల్‌ఈడీలు అతికించి తెర వెనక వరసలుగా పరుస్తారు. పందిరికి వేసే సీరియల్ సెట్టు లాగే వీటిని ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. మాటవరసకి నాలుగు పట్టీలు, పట్టీకి ఎనిమిది అనుకోండి, 32 ఎల్‌ఈడీలు. ఒక్కోటి 3 వోల్టులది అయితే మొత్తానికి 96 వోల్టులు కావాలి. వాటిలో ఒక్కటి తెగిపోతే దారి తెగినట్టే. కరెంటు నడవదు. ఈ దీపాలకి కరెంటు ఇచ్చే డ్రైవర్ ఐసీ అనే చిప్పు వోల్టేజీ పెంచి పెంచి చూస్తుంది, హద్దు దాటేసరికి ‘ఇక్కడేదో తేడా ఉంది’ అని తనే ఆపేస్తుంది. తెగీ తెగకుండా ఉన్న ఎల్‌ఈడీ అయితే చల్లగా ఉన్నప్పుడు క్షణం సేపు అంటుకుని, వేడెక్కగానే వదిలేస్తుంది. మీరు చూస్తున్న ఆ క్షణపు వెలుగు ఇలాంటిదే. ప్యానెలే పోయి ఉంటే లక్షణాలు వేరుగా ఉంటాయి: నిలువు గీతలు, సగం తెర ఒక రంగు సగం ఒక రంగు, పగుళ్ళలాంటి నల్ల మరకలు. మీరు అవేవీ రాయలేదు.

ఇక నీలిమందు సంగతి. ఈ దీపాల్లో పుట్టే అసలు వెలుగు నీలం. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురు జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ ఇచ్చారు, అంత కష్టమైన పని అది. నీలం ఎల్‌ఈడీ మీద పసుపుపచ్చటి ఫాస్ఫర్ పూత వేస్తారు. నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి వేడికి ఆ పూత చెడిపోయిందనుకోండి, లోపలి నీలం బయటపడుతుంది. అర్చకుల పంచెలు నీలంగా కనపడింది అందుకే. అంటే మీ సెట్టులో తెగిపోయింది ఒక్క ఎల్‌ఈడీ కావచ్చు గానీ, ముసలివైపోయింది మాత్రం అన్నీ. ఈ ఒక్క సంగతి మీద నా సలహా సగం నిలబడి ఉంది.

ఎందుకంటే బ్యాక్‌లైట్ బాగుచేయడంలో మూడు రకాలున్నాయి. మొదటిది జంపర్. తెగిన ఎల్‌ఈడీ మీదుగా చిన్న వైరు ముక్క వేసి దారి కలిపేస్తారు. టీవీ వెలుగుతుంది, ఆ చోట కాస్త చీకటి మిగులుతుంది, కొన్నాళ్ళకి పక్కది పోతుంది. రెండోది, పోయిన పట్టీ ఒక్కటే మార్చడం. కొత్త పట్టీ తెల్లగా, పాతవి నీలంగా వెలిగి తెర మీద చారలు పడతాయి. పైగా పాత పట్టీల్లో ఇంకోటి పోయినప్పుడల్లా టీవీ మళ్ళీ విప్పాలి. మూడోది, పట్టీల సెట్టు మొత్తం మార్చడం. మీకు చేయించాల్సింది ఇదొక్కటే. పట్టీల సెట్టుకీ ఒక్క పట్టీకీ ఉండే తేడా కొన్ని వందలు. టీవీని ఒకసారికి బదులు రెండుసార్లు విప్పడంలో ఉన్న ప్రమాదంతో పోలిస్తే ఆ వందలు లెక్కలోకి రావు.

ఆ ప్రమాదం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

పట్టీలు మార్చాలంటే ముందు ప్యానెల్ పైకి తీయాలి. ప్యానెల్ అంటే రెండు పల్చటి గాజు పలకలు, ఒక్కోటి మిల్లీమీటరు మందం కూడా ఉండదు. 43 అంగుళాల సైజులో ఆ గాజు అప్పడంలా వంగుతుంది. దాని అంచు పొడుగునా సినిమా రీలు ముక్కల్లాంటి పల్చటి ఫిల్ములు వేలాడుతుంటాయి. ఒక్కో ఫిల్ము మీద ఒక చిప్పు, అందులోంచి వెంట్రుకకన్నా సన్నటి వందల తీగలు గాజులోకి వెళ్తాయి. వాటిలో ఒక ఫిల్ము చిరిగిందా, తెర మీద ఆ మేరకి బొమ్మ పోయినట్టే. దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో అతికించలేం.

నేను గూడూరు నుంచి మద్రాసు వచ్చి పని నేర్చుకున్నది పిక్చర్ ట్యూబుల రోజుల్లో. బొమ్మ రాకపోతే ట్యూబు మెడలో హీటరు ఎర్రగా వెలుగుతోందా అని చూసేవాళ్ళం. ఆ బరువైన సెట్లు మోసిన చేతులకి ఈ పల్చటి గాజు ఒక లెక్కా అనిపించేది. ఎనిమిదేళ్ళ కిందట ఒక 49 అంగుళాల సెట్టు వచ్చింది. సాయం పట్టే కుర్రాడు టీకి వెళ్ళాడు. టీవీ ఇచ్చినాయన బయట నిలబడి తొందరపడుతున్నాడని నేనొక్కణ్ణే ప్యానెల్ లేపాను. నడుమ కాస్త కుంగింది. గోరు విరిచినంత చిన్న శబ్దం, టిక్ అని. ఆన్ చేసి చూస్తే ఒక మూల నుంచి సాలెగూడులా పగులు. ఆ ఇంటివాళ్ళకి ఆ సైజు సెట్టు వెతికి తెచ్చి ఇవ్వడానికి నాకు మూడు నెలల సంపాదన పోయింది. ఆ రోజు నుంచి ఎవరెంత తొందరపెట్టినా రెండో మనిషి లేకుండా నేను ప్యానెల్ ముట్టుకోలేదు.

అందుకే 2,800 అడిగినాయన్ని ధర గురించి బేరమాడకండి. వేరే ప్రశ్నలు వేయండి. ప్యానెల్ తీసేటప్పుడు ఇద్దరుంటారా? గాజుని పట్టుకోవడానికి గాలి పట్టే రబ్బరు కప్పులు వాడతారా, వేళ్ళతోనే లాగుతారా? పనిలో ప్యానెల్ పగిలితే బాధ్యత ఎవరిది? మూడో ప్రశ్నకి ఆయన చూపు చూడండి. ‘అలాంటిది జరగదమ్మా’ అని కొట్టిపారేసేవాడి కంటే, ‘జరగొచ్చు, జరిగితే ఇలా చేస్తాను’ అని ముందే చెప్పేవాడు నయం. ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. తీసిన పాత పట్టీలన్నీ మీకు చూపించమనండి. పసుపుపచ్చటి చిన్న గళ్ళ మీద ఎక్కడో ఒకచోట ఆవగింజంత నల్ల మచ్చ కనిపిస్తుంది. కాలిపోయిన ఎల్‌ఈడీ అదే.

పట్టీలు కొనడంలో కూడా ఒక మెలిక ఉంది. ఒకే మోడల్ నంబరు ఉన్న టీవీల్లో వేరువేరు ప్యానెళ్ళు, వేరువేరు పట్టీలు వస్తుంటాయి. వెనక స్టిక్కరు చూసి ముందే కొనేస్తే తిరిగి ఇవ్వడానికి తిప్పలు పడాలి. విప్పాక పట్టీ మీద అచ్చువేసిన కోడు, పొడుగు, ఎల్‌ఈడీల లెక్క, వాటి మధ్య దూరం చూసుకుని, పట్టీని చేత్తో పట్టుకుని మౌంట్ రోడ్డు పక్క ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళడం పద్ధతి. ముఖ్యంగా 3 వోల్టులవా 6 వోల్టులవా అన్నది చూడాలి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. 3 ఉన్నచోట 6 వేస్తే డ్రైవర్ అంత వోల్టేజీ ఇవ్వలేక మళ్ళీ ఆగిపోతుంది, పాపం మంచి బోర్డుని అనుమానిస్తారు. ఎల్‌ఈడీ మీద చొక్కా గుండీ అంత ప్లాస్టిక్ లెన్సు ఉంటుంది, వెలుగుని చుట్టూ చిమ్మడానికి. దాని జిగురు వదిలిపోతే తెర మీద చందమామల్లాంటి తెల్ల చుక్కలు కనిపిస్తాయి, టీవీని వంచితే లోపల గలగలమని చప్పుడవుతుంది. కొత్త పట్టీల్లో లెన్సులన్నీ గట్టిగా ఉన్నాయో లేదో కొట్లోనే గోటితో కదిపి చూడమనండి.

సర్వీసు సెంటరు వాళ్ళు మిమ్మల్ని మోసం చేస్తున్నారని అనుకోకండి. చాలాచోట్ల వాళ్ళకి ప్యానెల్, షీట్లు, దీపాలు అన్నీ కలిపి ఒకే భాగంగా వస్తాయి. పట్టీ ఒక్కటే మార్చే పద్ధతి వాళ్ళ లెక్కలో ఉండదు. వాళ్ళ 19 వేలు ఆ మొత్తం భాగానికి. మీ వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి బయట విప్పిస్తే పోయేదేమీ లేదు. వారంటీలో ఉన్న సెట్టు అయితే మాత్రం బయట చెయ్యి పడనీయొద్దు. టార్చి చూడకుండానే ‘ప్యానెల్ పోచ్చు’ అనేసి వెళ్ళిపోయిన మనిషి మీద నాకు కోపం ఉంది. ఆ ఒక్క మాటకి ఎన్ని బాగయ్యే సెట్లు పాతసామాన్ల బండి ఎక్కాయో నేను చూశాను.

డబ్బు లెక్కకొస్తే, 43 అంగుళాలకి పట్టీల సెట్టు మొత్తం మార్చి, పనికూలితో కలిపి 2,800 నాకు న్యాయంగానే అనిపిస్తోంది. కొత్త టీవీతో పోల్చుకోవాలనుకుంటే మీరు కొన్ననాటి ధర తీసుకోకండి. 32 అంగుళాలకి మించిన టీవీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇవాళ్టి ధర అడిగి చూడండి. రిపేరు అందులో మూడో వంతు దాటితే నేనైతే ఆలోచిస్తాను. మీది దాని దరిదాపుల్లో కూడా ఉండదు.

మీ అబ్బాయి సంగతి. చెయ్యాలన్న ఉత్సాహం ఉన్న పిల్లాణ్ణి వద్దనడం నాకిష్టం లేదు. కానీ ఈ సెట్టు మీద వద్దు, ఒంటరిగా అసలే వద్దు. గాజు సంగతి చెప్పాను కదా, దానికి మించింది కరెంటు. పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్ ఒకటుంటుంది. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల్ని డీసీ చేసేసరికి అక్కడ దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి, కొన్ని బోర్డుల్లో 400 దగ్గరికి వెళ్తుంది. ప్లగ్గు తీశాక కూడా కాసేపు అందులో ఉండిపోతుంది. వీడియోల్లో చేత్తో పట్టుకుని తిప్పే ఎల్‌ఈడీ టెస్టర్ ఉంటుందే, అది కూడా వందల వోల్టులు ఇచ్చే వస్తువే. నేర్చుకోవాలనుకుంటే రిచీ స్ట్రీట్‌లో ప్యానెల్ పగిలిన 32 అంగుళాల పాత సెట్టు ఒకటి చవగ్గా తెచ్చుకోమనండి. దాన్ని పది సార్లు విప్పి బిగించనివ్వండి, పగలడానికి అందులో ఏమీ మిగలదు. మీ టీవీ విప్పే రోజు మెకానిక్ పక్కన నిలబడి ప్రతి దశలో ఫొటోలు తీయమనండి. తెర వెనక మూడు నాలుగు తెల్లటి షీట్లుంటాయి. అవి ఏ వరసలో, ఏ వైపు పైకి ఉన్నాయో అలాగే తిరిగి పెట్టాలి. ఒకటి తిరగబడినా వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఆ ఫొటోలు మెకానిక్‌కే పనికొస్తాయి. ప్యానెల్ పైన ఉన్నంతసేపు ఫ్యాను కట్టేయించే పని కూడా మీ అబ్బాయికే అప్పచెప్పండి. మన ఇళ్ళలో ఫ్యాను రెక్కల దుమ్ము ఒక్క పోగు లోపల పడ్డా తెర మీద ఎప్పటికీ కనిపిస్తుంటుంది.

పట్టీలు మార్చాక ఇంకో చిన్న పని చేయించుకోగలిగితే ఈ దీపాలు రెండింతల కాలం వస్తాయని నా నమ్మకం. ఈ ఎల్‌ఈడీలు వయసొచ్చి పోవడం తక్కువ, ఎక్కువ కరెంటు తోలడం వల్ల వేడెక్కి పోవడం ఎక్కువ. చాలా బోర్డుల్లో డ్రైవర్ ఐసీ పక్కన రెండు మూడు చిన్న రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి, ఎంత కరెంటు వెళ్ళాలో నిర్ణయించేవి అవే. మూడు సమానమైనవి ఉన్నచోట ఒకటి తీసేస్తే కరెంటు మూడో వంతు తగ్గుతుంది. ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళ కంటికి ఆ తేడా పెద్దగా తెలియదు, దీపాలకి మాత్రం ఎంతో ఊరట. అన్ని బోర్డుల్లో ఇది కుదరదు. కుదురుతుందా అని మెకానిక్‌ని అడగండి. ఆ ప్రశ్నకి ఆయనిచ్చే జవాబుని బట్టి పనితనం కూడా మీకు అర్థమవుతుంది.

అది కుదిరినా కుదరకపోయినా రిమోట్‌తో మీరు చేసుకోగలిగింది ఒకటుంది. పిక్చర్ సెట్టింగుల్లో ‘వివిడ్’ లేదా ‘డైనమిక్’ అని ఉంటే ‘స్టాండర్డ్’కి మార్చండి. బ్యాక్‌లైట్ అన్న వరస 100లో ఉంటే 50, 60 మధ్యకి దించండి. బ్రైట్‌నెస్ అని ఇంకోటి విడిగా కనిపిస్తే దాని జోలికి పోవద్దు, చాలా సెట్లలో అది నలుపు ఎంత నల్లగా ఉండాలో చూస్తుంది గానీ దీపాలని తగ్గించదు. గోడకి పూర్తిగా అతుక్కుని ఉంటే వెనక నాలుగు వేళ్ళ ఖాళీ ఉండేలా స్టాండు మార్పించండి. ఇక్కడి రోహిణి కార్తె ఉక్కలో గోడే వేడిగా ఉంటుంది. పొద్దున్నే సుప్రభాతం వినడానికే టీవీ పెడుతుంటే, సెట్టింగుల్లో ‘పిక్చర్ ఆఫ్’ ఉందేమో వెతకండి. మాట వస్తుంది, దీపాలు విశ్రాంతిగా ఉంటాయి.

టార్చి వేసినా ఏమీ కనపడకపోతే ఇంకా ఆశ వదులుకోవద్దు. కొన్ని తెరల మీద మసకబొమ్మ పట్టుకోవడం కష్టం, ప్యానెల్‌కి బొమ్మ అందించే టీకాన్ బోర్డు తేడా కూడా కావచ్చు. అప్పుడు బ్యాక్‌లైట్ కనెక్టర్ దగ్గర మీటరు పెట్టి చూడమనండి. ఆన్ చేయగానే వోల్టేజీ పైకి ఎగిరి పడిపోతే దీపాలదే తప్పు. అసలు లేవకపోతే పవర్ బోర్డు డ్రైవరో, మెయిన్ బోర్డు నుంచి రావాల్సిన ‘వెలిగించు’ అన్న సంకేతమో చూడాలి. మద్రాసు ఇళ్ళలో పవర్ బోర్డు మీద కాలిపోయిన బల్లి పిల్లలు నాకు తరచుగా కనపడతాయి, అదీ ఒక కారణమే. ఏదేమైనా మీటరు చూడకుండా ఎవరూ పట్టీలకి డబ్బు తీసుకోకూడదు.

పని అయిపోయాక మెకానిక్‌ని అరగంట కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. ఆ అరగంటా టీవీ నడవనివ్వండి, చల్లగా ఉన్నప్పుడు వెలిగి వేడెక్కాక ఆరిపోయే తప్పు ఉంటే అప్పుడు బయటపడుతుంది. గదిలో లైట్లు ఆర్పి, ఫోను నుంచి పూర్తిగా తెల్లగా ఉన్న ఫొటో ఒకటి తెర మీద పెట్టి నాలుగు మూలలూ చూడండి, మచ్చలూ చారలూ లేకుండా. ఆ తర్వాత మీ అత్తగారిని పిలిచి ఆవిడ ఛానల్ పెట్టండి. అర్చకుల పంచెలు ఏ రంగులో ఉన్నాయో ఆవిణ్ణే చెప్పమనండి. తెల్లగా ఉన్నాయంటేనే డబ్బులివ్వండి.